జరీ చుట్టిన వైరు

మా ఇంట్లో తండ్రీ కొడుకూ మాట్లాడుకునేవాళ్ళు కాదు. ఏం చెప్పుకోవాలన్నా మధ్యలో నేనుండాలి. నేను హిందూపురం నుంచి ధర్మవరానికి కాపురానికి వచ్చేనాటికే అది ఆ ఇంటి పద్ధతి అయిపోయింది. నడవలో రెండు మగ్గాలు ఎదురెదురుగా ఉండేవి, వాటి మధ్య పోగును కండెలకు చుట్టే నా రాట్నం. మామ హనుమంతరాయుడు తన మగ్గం గుంతలో కూర్చుని, "కొండమ్మా, నీ మొగునికి చెప్పు, అంచు లాగుతాండాదని" అనేవాడు. ఆ మొగుడు చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉండి, "మా నాయనకు చెప్పు, నాకూ కండ్లుండాయని" అనేవాడు. నేను ఎవరికీ ఏమీ చెప్పేదాన్ని కాదు. ఇద్దరికీ చెవులు బాగానే పనిచేస్తున్నాయి, నేనెందుకు నోరు నొప్పి పెట్టుకోవాలి? కానీ ముందు నా పేరు పిలవకపోతే వాళ్ళ నోట్లోంచి మాట ఊడిపడేది కాదు.

అంతకీ గొడవంతా గిటారుది. మా ఆయన అంజనప్ప పెళ్ళికి ముందు షావుకారు పంపితే పట్టు తేవడానికి బెంగళూరు పోయి, పట్టుతోబాటు దాన్నీ భుజాన మోసుకొచ్చాడట. ఆరోజు మామ ఏమన్నాడో, ఈయన ఏమన్నాడో నాకు ఇద్దరూ చెప్పలేదు. ఆనాటితో మాటలు బంద్. నాకు కూడా ఆ గిటారంటే ఒళ్ళు మంట. సవతిని తెచ్చుకున్నా కనీసం రెండు బిందెల నీళ్ళు తెచ్చిపోసేది.

పెనుకొండలో నాగరాజు అని ఒకడికి మైకు సెట్టు ఉండేది. నలుగురు వాద్యాల వాళ్ళను కూడగట్టి పెళ్ళిళ్ళలో కచేరీలు పెట్టించేవాడు. మా ఆయన మగ్గానికి సెలవు దొరికినప్పుడల్లా అక్కడికి పరుగు. గిటారుకు చిన్న మైకు అంటించి, దాని నుంచి వైరు ఆంప్లిఫయరుకు పోవాలి. మామూలు కరెంటు వైరు పెడితే గాల్లో ఉన్న మోతంతా అందులో దూరుతుందట. వైరు చుట్టూ లోహపు తీగ చుట్టి, ఆ చుట్టును భూమికి కలిపితే లోపలికి మోత రాదట. అట్లాంటి వైరు బెంగళూరులో తప్ప దొరకదని నాగరాజు చెప్పాడు. ధర్మవరం వాడు లోహపు పోగు కోసం బెంగళూరు పోవాలా అని మా ఆయన నవ్వి, నా పెట్టెలో ఉన్న మా అవ్వ చీర అడిగాడు. చీర చిరిగిపోయింది గానీ అంచు పాతకాలపు వెండి జరీ. కొత్త పెళ్ళికూతుర్ని, కాదనలేక కత్తిరించి ఇచ్చాను. అందులోంచి జరీ ఊడదీసి, నా రాట్నం మీదే వైరుకు చుట్టుకున్నాడు. నిజం చెప్పాలి, ఆ పొట్టి వైరుతో గిటారు తప్ప మరో సద్దు వినిపించేది కాదు.

అరవై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలం రెండు కొత్తవి ఇంట్లోకి వచ్చాయి. ఒకటి తొక్కుడు పెట్టె. రేడియో సామాన్లన్నీ పోగేసి మా ఆయనే చేశాడు. కాలితో తొక్కితే గిటారు గొంతు చలిజ్వరం వచ్చినట్టు వణికేది, అదే గొప్పట. రెండోది పొడుగు వైరు. పెళ్ళి పందిళ్ళలో ఆంప్లిఫయరు ఒక మూల, వాయించేవాళ్ళు ఒక మూల ఉంటారు, పొట్టి వైరు అందదు. దానికి జరీ నేనే ఇచ్చాను. మా వీధిలో చీర దిగిన తర్వాత మగ్గం మీద మిగిలిన జరీ తుంపులు కండెలు చుట్టిన ఆడదానివి. అది ఎప్పటినుంచో ఉన్న ఆచారం, షావుకార్లు కూడా అడగరు. దసరాకు కాపురానికి వచ్చినప్పటి నుంచి దాచుకున్న తుంపులన్నీ ఆ వైరు మింగేసింది.

పెనుకొండలో ఒక పెళ్ళికి ఆ రెండూ తీసుకుపోయాడు. నేనూ పోయాను. తాళి కట్టడం అయి, జనం భోజనాలకు లేచేలోపల కచేరీ మొదలుపెట్టారు. ఈయన గిటారు తీగ ఇంకా మీటనే లేదు, స్పీకర్లోంచి బుర్రుమని మోత. తుమ్మెదల తుట్టెను గోనెసంచిలో వేసి మూతి కట్టినట్టు. చెయ్యి తీగల మీద పెడితే కాస్త తగ్గేది, తీస్తే మళ్ళీ అంతెత్తు లేచేది. పెట్టె తొక్కితే ఆ బుర్రు కూడా వణికేది. పిల్లలు నవ్వారు. మగపెళ్ళి వాళ్ళలో ఒక పెద్దాయన లేచి, "పాట పాడమంటే పిండిమిషను తెచ్చినారేమప్పా" అన్నాడు.

నాగరాజు మొహం మాడ్చుకుని మా ఆయన చేతిలోంచి వైరు పీకేశాడు.

"నీ పెట్టె నువ్వు తీసుకపో. హిందూపురం ఆదినారాయణప్ప కూతురు పెళ్ళికి కచేరీ ఒప్పుకోనుండా. ఆడ గనక ఇట్ల బుర్రుమన్నాదంటే నా మైకు సెట్టు రాళ్ళతో కొడతారు."

"నా పెట్టె కాదు. నీ ఆంప్లిఫయరే ముసిలిది" అన్నాడు మా ఆయన.

బస్సులో ధర్మవరం వచ్చేదాకా ఈయన ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని మరలు విప్పుతూ బిగిస్తూ కూర్చున్నాడు. నా మటుకు నాకు ఆ మోతే నయమనిపించింది, ఇంతటితో గిటారు పీడ విరగడవుతుందని.

ఆ ఆదినారాయణే మా షావుకారు. హిందూపురంలో ఆయనకు చీరల కొట్టు. పట్టు ఆయనదే, జరీ ఆయనదే, తూకం వేసి ఇస్తాడు. మేం నేసి ఇస్తాం. మా మామ చేతి నేతకు ఆయన కొట్టులో పేరుండేది. కానీ మామకు కొన్ని నెలలుగా వేళ్ళు సరిగా లేవు. సాయంత్రం మగ్గం దిగి, ఆముదం రాసుకుని ఒక్కొక్క వేలూ నొక్కుకుంటూ, "పోగు చేతికి ఆనడంలేదమ్మా. వయసైపాయె" అనేవాడు. అంతకుముందు నెల, పొడుగు వైరు చుట్టడం అయిపోయాక, షావుకారు తన కూతురి పెళ్ళి చీర కోసం జరీ స్వయంగా తెచ్చి చేతిలో పెట్టి, ఇది హనుమంతరాయుడే నెయ్యాలన్నాడు. ఆ చీర మగ్గం మీదున్నన్నాళ్ళూ మామ మనిషే మారిపోయాడు. ఆముదం సీసా అడగలేదు. "వేళ్ళు మళ్ళీ వచ్చినాయి కొండమ్మా" అని ఒకరోజు నవ్వాడు కూడా. కండె చుట్టేటప్పుడు ఆ జరీ నాకు కొంచెం బరువుగా తోచింది. షావుకారు కూతురి చీర, ఆ మాత్రం బరువుండదా అనుకున్నాను. పుట్టింట్లో మాకు మగ్గాలు లేవు, మా నాయనది బెల్లం మండీలో పని, జరీ బరువులు నాకేం తెలుసు. ఆ చీర దిగి తర్వాతి చీర ఎక్కింది. మళ్ళీ ఆముదం సీసా బయటికొచ్చింది.

మా ఆయన కూడా కండె మార్చినప్పుడల్లా వేళ్ళు తొడకేసి రుద్దుకునేవాడు. తీగలు నొక్కి నొక్కి కాయలు కాసిన వేళ్ళు, అనుభవించనీ అనుకునేదాన్ని.

పెనుకొండ పెళ్ళి అయిన వారంలోనే షావుకారు మా ఇంటికి వచ్చాడు. కూతురి పెళ్ళికి పిలవడానికి వచ్చాడేమో అని నేను చాప పరిచాను. ఆయన కూర్చోలేదు. చంకలోంచి ఒక చీర తీసి నేల మీద విసిరాడు. నేసినవాడి ఎదుట చీరను నేల మీద వెయ్యడం ఎట్లాంటిదో ధర్మవరంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మామ గుంతలోంచి లేచి, వంగి దాన్ని తీసుకున్నాడు. మా మామ నేసిన చీరే. మడత మీద అంచు బంగారం రేకులు రేకులుగా ఊడిపోయి, కింద తెల్లటి పోగు కనబడుతోంది.

"కొత్తచెరువు వాళ్ళు పదిమందిలో నా మొగాన కొట్టినారప్పా దీన్ని" అన్నాడు షావుకారు. "నేనిచ్చింది వెండి జరీ. ఈ గిల్టు యాడినుంచి వచ్చింది? నా జరీ యాడికి పాయె?"

 షావుకారు చూపు గోడకున్న మేకు మీద పడింది. దానికి పొడుగు వైరు చుట్టలు చుట్టి వేలాడుతోంది, తళతళా మెరుస్తూ.

"ఓహో. నా జరీ ఈడుండాదా."

"అవి తుంపులు" అన్నాను నేను. నాకు నోరు ఆగదు. "తుంపులు నావి. ఈ వీధిలో ఏ ఇంట్లోనైనా అడుగు."

"తుంపులతో ఇంత పొడుగు చుట్టినావామ్మే? ఇంకెంత అమ్ముకున్నారో." మామ వైపు తిరిగాడు. "శుభకార్యం ముందర పెట్టుకొని రచ్చ చేసుకోను. పెండ్లి అయినంక షావుకార్లందర్నీ కూర్చోబెడతా. ధర్మవరంలో గానీ హిందూపురంలో గానీ మీ ఇంటికి పోగు పట్టు ఇచ్చేవాడు ఉండడు. జరీ దొంగలని చెప్పి మరీ ఆపిస్తా."

ఆయన పోయాక ఇంట్లో మగ్గాల చప్పుడు లేదు. మామ ఆ చీరను మోకాళ్ళ మీద పెట్టుకుని అంచును బొటనవేలితో తడుముతూ కూర్చున్నాడు. చివరికి అన్నాడు.

"కొండమ్మా, నీ మొగుణ్ణి అడుగు. జరీ మార్చి అమ్ముకొని ఆ పెట్టె చేసుకున్నాడా?"

"మా నాయనకు చెప్పు" అన్నాడు ఈయన. "నేను దొంగనైతే ఆయన దొంగను కన్నోడు."

"చెప్పు. ఆ పెట్టె, ఆ వైరు ఇంట్లోంచి పోవాల. షావుకారు పెండ్లి లోపల పోకపోతే మనిషే పోవాల."

మనిషి పోతే నేనూ పోవాలి. ఎక్కడికి? మా నాయన బెల్లం మండీకా, జరీ దొంగ పెళ్ళాన్ని అనిపించుకుని? వంటింట్లోకి పోయి పొయ్యి ముందు కూర్చున్నాను. కోపంతో పుల్లలు విరిచి పొయ్యిలో కుక్కాను. షావుకారు మీద కొంత, మామ మీద కొంత, ఎక్కువ భాగం ఆ గిటారు మీద. ఈయన నిజంగానే మార్చాడా అని ఒక్క నిమిషం నాకూ అనుమానం వచ్చింది. మళ్ళీ ఆయన మొహం గుర్తొచ్చి పోయింది. అబద్ధం చెప్పేంత తెలివి ఆ మొహానికి లేదు.

రెండు రోజుల తర్వాత మిట్టమధ్యాహ్నం నాగరాజు ఆంప్లిఫయరును గోనెపట్టాలో చుట్టుకుని పెనుకొండ నుంచి దిగాడు. షావుకారు పెళ్ళి దగ్గరికొచ్చింది, గిటారు లేకుంటే కచేరీ లేదు, అందుకని మోత ఎక్కడుందో తేల్చుకుని పోతానన్నాడు. ఇంట్లో ఏం జరుగుతోందో వాడికి తెలియదు. పెరట్లో నీళ్ళ తొట్టి పక్కన తడి నేలలో ఇనుప కడ్డీ దిగేసి, దానికి ఆంప్లిఫయరు నుంచి ఎర్తు కట్టారు. స్విచ్చి వేశారు. బుర్రు.

"నీ పెట్టె" అన్నాడు నాగరాజు.

మా ఆయన తొక్కుడు పెట్టె తీసి పక్కన పెట్టి, గిటారును నేరుగా కలిపాడు. బుర్రు అట్లాగే ఉంది.

"నీ ఆంప్లిఫయరు" అన్నాడు ఈయన.

నాగరాజు గిటారు వైరు ఊడదీశాడు. ఆంప్లిఫయరు ఒక్కటే మిగిలింది, స్పీకర్లో చిన్న గాలి సద్దు తప్ప ఏమీ లేదు. వాడు చేతులు కట్టుకుని మా ఆయన మొహంలోకి చూశాడు. "విన్నావా? నా సామాను కాదు."

గిటారు మైకు మార్చారు. బుర్రు. ఎర్తు కడ్డీ దగ్గర ఇంకో కుండ నీళ్ళు పోశారు. బుర్రు. నడవలోంచి మామ గొంతు: "కొండమ్మా, వాళ్ళకు చెప్పు, చచ్చిన ఎద్దును ఊరి బయట లాగేస్తారు, పెరట్లో పెట్టుకోరని." మా ఆయన పళ్ళు కొరికాడు. నాగరాజు చెమట తుడుచుకుంటూ గిటారును తిట్టాడు, బెంగళూరును తిట్టాడు, ధర్మవరం కరెంటును తిట్టాడు.

నాకు ఓపిక పోయింది. ఎండ నెత్తి మీద, పొయ్యి మీద ఎసరు, ఈ బుర్రు. మూల గంపలో పడేసిన పొట్టి వైరు కనబడేసరికి అసలే ఉన్న కోపం రెట్టింపయింది. మా అవ్వ చీర కత్తిరించి ఇచ్చింది ఇట్లా దుమ్ములో పడెయ్యడానికా?

"ఇది ఏం పాపం చేసిందని పారేసినావు?" అని దాన్ని తెచ్చి ఆయన ఒళ్ళో వేశాను. "అప్పుడు ఏ మోతా లేదు గదా. దీన్ని పెట్టు, పెట్టి సుమ్నే నోరు మూసుకోండి ఇద్దరూ."

పొడుగు వైరు తీసి పొట్టిది కలిపారు. మోత ఆగిపోయింది. ఒక్కసారిగా తొట్టి మీద కాకి అరుపు వినిపించింది.

"వైరు లోపల తెగినట్టుండాది" అన్నాడు నాగరాజు. సంచిలోంచి టార్చిలైటు సెల్లు, చిన్న బల్బు, రెండు సూదులు కట్టిన వైర్లు తీశాడు. రెండు సూదుల మధ్య కరెంటు పారితే బల్బు వెలుగుతుంది, దారి తెగితే వెలగదు, అంతే దాని కథ. పొడుగు వైరు ఈ కొస ఒక సూది, ఆ కొస ఒక సూది పెట్టాడు. లోపలి తీగలు రెండూ బాగున్నాయి, బల్బు వెలిగింది. అప్పుడు పైనున్న జరీ మీద పెట్టాడు. వెలగలేదు. సూదులు దగ్గరికి జరిపాడు. వేలెడు దూరంలో పెట్టినా వెలగలేదు. పొట్టి వైరు జరీ మీద పెడితే కళ్ళు చెదిరేట్టు వెలిగింది.

"ఇదేం జరీ అప్పా?" అన్నాడు నాగరాజు. "లోహమే లేదు దీంట్లో. ఉత్త మెరుపు కాగితం మాదిరి ఉండాది."

మా ఆయన నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. ఆ వైరు మీదున్నది నా తుంపులు. ఆ తుంపులు మా మగ్గాల మీంచి వచ్చినవి. మగ్గాల మీదికి వచ్చింది షావుకారు రీళ్ళ నుంచి.

నడవలో మామ మగ్గం ఆగిపోయింది.

"కొండమ్మా, ఏమంటాండారు వాళ్ళు?"

ఈసారి నేను చెప్పాను, మొదట్నుంచీ చివరిదాకా. మామ లేచి వచ్చాడు. లోపలికి పోయి, అటక మీది పెట్టెలోంచి షావుకారు పోయినసారి పంపిన జరీ కట్ట తెచ్చాడు. పైన చుట్టిన కాగితం, దాని మీద షావుకారు కొట్టు ముద్ర, ఏదీ చిరగలేదు. మా అందరి ఎదుట చింపాడు. ఒక రీలు నాగరాజు చేతికిచ్చాడు. బల్బు వెలగలేదు. ఇంకోటి ఇచ్చాడు. కట్టంతా అయిపోయింది, ఒక్కటీ వెలగలేదు.

మామ ఆ రీళ్ళ వైపు కాదు, తన వేళ్ళ వైపు చూసుకుంటూ నిలబడ్డాడు. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు. తర్వాత విప్పని కట్ట ఇంకోటి తీసి తువ్వాలులో మూటకట్టుకున్నాడు.

"కొండమ్మా, నీ మొగునికి చెప్పు. ఆ బల్బు తీసుకొని హిందూపురం రమ్మను."

షావుకారు ఇంటికి మేం పోయింది పెళ్ళి ముందురోజు పొద్దున. పందిరి వేసి, అరటి చెట్లు కట్టి ఉన్నాయి. నాగరాజు ముందే వచ్చి మైకులు కట్టిస్తున్నాడు, మమ్మల్ని చూసి తల తిప్పుకున్నాడు. నడిమింట్లో పెళ్ళి చీరలు పళ్ళేల్లో పేర్చి చుట్టాలకు చూపిస్తున్నారు. మధ్య పళ్ళెంలో మా మామ నేసిన చీర. ధర్మవరం షావుకారు శంకరప్ప, మరో ఇద్దరు వ్యాపారస్తులు తివాచీ మీద కూర్చుని ఉన్నారు.

ఆదినారాయణ మమ్మల్ని గడపలోనే ఆపాడు. "పెండ్లి కానియ్యప్పా అంటి గదా. దొంగతనం ఒప్పుకునేదానికి ఇంత తొందరా?"

ఆ మాట అందరికీ వినబడేట్టు అన్నాడు. మామ మూట విప్పి, ముద్ర చెడని కట్టను శంకరప్ప ఒళ్ళో పెట్టాడు. "నువ్వే చింపు అన్నా."

శంకరప్ప చింపాడు. మా ఆయన బల్బు పట్టుకున్నాడు, సూదులు నేను పెట్టాను. వెలగలేదు. నా మెడలోని వెండి గొలుసు మీద పెట్టి చూపించాను. వెలిగింది. వ్యాపారస్తులు ముగ్గురూ ముందుకు జరిగారు.

"పోయినసారి కాగితాల మీది ముద్ర ఊడదీసి దీనికి అంటించినారు" అన్నాడు ఆదినారాయణ. శంకరప్ప చింపిన కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు. మళ్ళీ ఆయనే అన్నాడు. "లేదంటే జరీ అమ్మిన బెంగళూరోళ్ళు నన్నే మోసం చేసుంటారు. నాకేం తెలుసు? ఆ సరుకులోదే నా బిడ్డ చీరకూ ఇస్తిని. కన్నబిడ్డకు గిల్టు కట్టబెట్టేవాణ్ణా నేను?"

"అదే అడుగుదామని వచ్చినా" అన్నాడు మామ.

 అంతలో పెళ్ళికూతురు లేచింది. పసుపు రాసుకున్న మొహం, పద్దెనిమిదేళ్ళుంటాయేమో. తండ్రిని దొంగ అన్నంత పని చేస్తున్నారని ఆ పిల్లకు రోషం వచ్చింది. మధ్య పళ్ళెంలోంచి చీర తీసి తెచ్చి నా ముందు పరిచింది.

"చూసుకోండి. మా నాయన నాకొకటి, ఊరికొకటి చేసే మనిషి కాదు" అంది.

"వద్దమ్మా, పెండ్లి చీర" అన్నాడు ఆదినారాయణ. అప్పటికే నేను సూదులు పెట్టేశాను.

బల్బు వెలిగింది.

పట్టపగలు, అంత చిన్న వెలుగు, అయినా ఇంట్లో అందరూ దాన్నే చూస్తున్నారు. ఏది మంచిదో, ఏది గిల్టో ఆయనకు ముందే తెలుసు. తెలుసు గనకనే తన బిడ్డకు ఏరి ఇచ్చాడు.  ఆ పిల్ల బల్బు వైపు, తండ్రి వైపు చూసింది. మొహంలోని పసుపు కింద రక్తం లేదు. నాకు వాళ్ళ నాయనను నలుగురిలో కడిగేయాలన్నంత కసి ఉండింది, ఆ పిల్లను చూశాక అది పోయింది. సూదులు తీసేశాను.

మామ ముందుకొచ్చి ఆ చీరను చేతుల్లోకి తీసుకున్నాడు. అంచులు సరిచేసి, మడత మీద మడత పెట్టి, పళ్ళెంలో ఉన్నది ఉన్నట్టుగా పెట్టాడు.

"చీరలో ఏ దోషమూ లేదమ్మా. కట్టుకో" అన్నాడు ఆ పిల్లతో.

శంకరప్ప లేచి, ఆకు వక్క పళ్ళెం ముట్టకుండా చెప్పులు తొడుక్కున్నాడు. మిగతా ఇద్దరూ ఆయన వెంట పోయారు. ఆదినారాయణ వాళ్ళను ఆపలేదు. మేం పందిరి దాటుతుంటే నాగరాజు పరిగెత్తుకొచ్చి, "నా కచేరీ నాశనం చేసినారు గదరా, గిటారు లేకుండా నేనేం వాయించేది" అని మా ఆయనను తిట్టాడు. ఈయన పొట్టి వైరును వాడి చేతిలో పెట్టి నడిచాడు. అది మా అవ్వ చీర. అది కూడా పోయింది.

మధ్యాహ్నం రైల్లో మామ ఆ కిటికీ దగ్గర, మా ఆయన ఈ కిటికీ దగ్గర, నేను మధ్యలో. గెలిచినవాళ్ళలాగా ఎవరం లేము. ఉన్న షావుకారు చేజారాడు, శంకరప్ప పట్టు ఇస్తాడో లేదో తెలియదు. దొంగలమన్న మాట మాత్రం మా మీద లేదు. రైలు కదిలాక మామ అరచేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నాడు.

"నీ వేళ్ళకు తెలిసిందా, జరీలో బరువు లేదని?" అన్నాడు.

నన్ను అడుగుతున్నాడనుకున్నాను. నా పేరు పిలవలేదని ఆ తర్వాత తట్టింది. మా ఆయనకు కూడా కాస్త ఆలస్యంగానే తట్టింది.

"తెలిసె" అన్నాడు.

"ఎప్పటినుంచి?"

"దసరా నుంచి. గిటారు తీగలకు వేళ్ళు మొద్దుబారినాయనుకుంటి."

"నేను ముసిలోన్ని అయితిననుకుంటి." మామ వేళ్ళు ముడిచాడు. "చెప్పొచ్చు గదరా."

"నువ్వు చెప్పొచ్చు గదా."

మళ్ళీ ఇద్దరూ చెరో కిటికీ వైపు తిరిగారు. నాకు ఒళ్ళు మండింది. దసరా నుంచి పప్పులో ఉప్పు తగ్గిందనీ, అంచు లాగుతోందనీ, ఎద్దును పెరట్లో పెట్టుకోరనీ లోకంలో లేని మాటలన్నీ నా మీదుగా పంపారు. 'పోగు చేతికి ఆనడంలేదు, నీకూ అట్లే ఉండాదా' అనే ఒక్క మాట మాత్రం ఇద్దరిలో ఒక్కడూ పంపలేదు. అది పంపి ఉంటే మా చీర నేల మీద పడేది కాదు, ఆ పిల్ల పెళ్ళి ముందురోజు అట్లా నిలబడేది కాదు.

పెనుకొండ దాటాక మామ గొంతు సవరించుకున్నాడు.

"కొండమ్మా, నీ మొగునికి చెప్పు. గిటారు ఇంట్లో పెట్టుకోవచ్చు. నా మగ్గం పక్కన మాత్రం వద్దు."

"నేను చెప్పను" అన్నాను. "ఆడనే ఉండాడు, నువ్వే చెప్పు."

ఆయన చెప్పలేదు. ఈయన అడగలేదు. కొండలు పోయాయి, చేన్లు పోయాయి, ముగ్గురం ఎదుటి బల్ల వైపు చూస్తూ కూర్చున్నాం. ధర్మవరం స్టేషన్లో రైలు ఆగింది. మామ తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు. మా ఆయన ఇంకా కిటికీ వైపే ఉన్నాడు.

"దిగరా. ఊరొచ్చె" అన్నాడు మామ.